పాప ఆర్మీలో చేరతానంటోంది. లోపల పరిస్థితి తెలిసినవాళ్లు చెప్పండి

సుధ_ఆస్టిన్ · సోమవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఈ గ్రూపులో పచ్చళ్ల గురించి, వీసాల గురించి తప్ప నేను ఎప్పుడూ నోరు విప్పలేదు. ఇవాళ వేరే పని మీద వచ్చాను.

మేం 2004లో తెనాలి నుంచి అమెరికా వచ్చాం. పెద్దమ్మాయి ఇక్కడే పుట్టింది. జూన్‌లో 18 నిండుతాయి. స్కూలు అయిపోగానే ఆర్మీలో మెడిక్‌గా చేరతానంటోంది. ఏదో సరదాకి అంటోందిలే అనుకున్నాను. పోయిన వారం రిక్రూటర్ ఇచ్చిన ఫైలు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. వాళ్ల నాన్న రెండు రోజులుగా మాట్లాడడం లేదు. అరిచినా బాగుండును. ఆయన అరవరు, గ్యారేజీ సర్దుతారు. ఇప్పటికి రెండుసార్లు సర్దారు.

మా ఇంటి నుంచి ఫోర్ట్ హుడ్ ఆర్మీ బేస్ గంట దారి. 2020లో వెనెస్సా గియెన్ అనే సైనికురాలు అక్కడ కనిపించకుండా పోయినప్పుడు రెండు నెలలు రోజూ టీవీలో ఆ అమ్మాయి ఫోటోయే. అప్పుడు మా పాపకి పన్నెండేళ్లు. "ఆ అక్క దొరికిందా అమ్మా?" అని రోజూ అడిగేది. ఇప్పుడు అదే పిల్ల యూనిఫాం వేసుకుంటానంటోంది.

యుద్ధం గురించి నా భయం వేరే. ఇది తోటివాళ్ల గురించి. లోపల ఆడపిల్ల మీద చెయ్యి వేస్తే ఎవరికి చెప్పుకోవాలి? అసలు అలా జరగకుండా ఏం చేస్తున్నారు? 2020 తర్వాత నిజంగా ఏమైనా మారిందా, లేక పోస్టర్లు మాత్రమే మారాయా? "పంపొద్దు" అని చెప్పేవాళ్లు ఇంట్లోనే చాలామంది ఉన్నారు, ఇంకొకరు అక్కర్లేదు.

గోదావరి_గట్టు · సోమవారం రాత్రి 10:40

సుధమ్మా, వద్దన్నా చెప్తున్నా, ఏమీ అనుకోకు. బంగారం లాంటి పిల్లని నర్సింగ్‌లో చేర్పించు. మెడిక్ చేసే పని అక్కడా చేయొచ్చు. వెయ్యి మంది మగాళ్ల మధ్య ఒక ఆడపిల్ల అంటే ఏమవుతుందో చెప్పడానికి రిపోర్టులు కావాలా?

పాత_సార్జెంట్ · సోమవారం రాత్రి 11:25

గట్టు గారూ, నర్సింగ్ కాలేజీల్లో, హాస్పిటళ్లలో ఇవేవీ జరగవా? సరే, అది పక్కన పెడదాం.

సుధ గారూ, నేను ఎమ్మెస్ చేసి, వీసా టెన్షన్‌లో ఉన్నప్పుడు మావ్నీ (పౌరసత్వం లేనివాళ్లని సైన్యంలోకి తీసుకునే) ప్రోగ్రాంలో 2010లో చేరాను. (ఆ ప్రోగ్రాం 2016లో ఆపేశారు.) ఎనిమిదేళ్లు చేశాను, సార్జెంట్‌గా దిగిపోయాను. ఇప్పుడు డాలస్‌లో అందరిలాగే ఐటీ. చూసింది చూసినట్టు చెప్తాను.

ఆర్మీలో దీనికోసం షార్ప్ అనే విభాగం ఉంటుంది. పోస్టర్లు బాత్రూం తలుపుల వెనక కూడా ఉంటాయి. మా రోజుల్లో ఏడాదికోసారి జిమ్‌లో రెండొందల మందిని కూర్చోబెట్టి స్లైడ్లు వేసేవాళ్లు. ఒకసారి క్లాసు చెప్పాల్సిన స్టాఫ్ సార్జెంట్ ప్రొజెక్టర్ ఆన్ చేస్తూ, "ఇవాళ ఆడవాళ్లని చూసి నవ్వకూడదని నేర్చుకుందాం" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. నా ముందు వరసలో ఒకమ్మాయి వంగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. సరిగ్గా ఉన్న లేసే. ఆ నవ్వు అయ్యేదాకా తల ఎత్తలేదు. తర్వాత నలభై నిమిషాలు ఆయన చక్కగానే చెప్పాడు, స్లైడ్లన్నీ కరెక్టే. కానీ ఆ హాల్లో అందరూ నేర్చుకున్నది మొదటి నిమిషంలో వేసిన జోకే. రేపు ఆ అమ్మాయికి ఏదైనా అయితే ఈయన దగ్గరికి వచ్చి చెప్తుందా?

ఇంకో యూనిట్‌లో మా ప్లటూన్ సార్జెంట్ వేరే రకం. మోటార్ పూల్లో (సైన్యం బండ్లు ఉంచే చోట) ఎవడో ఒకమ్మాయి నడక మీద ఏదో అన్నాడు. ఆయన అరవలేదు. పని ఆపించి అందరి ముందూ "మళ్లీ అను, నాకు సరిగ్గా వినపడలేదు" అన్నాడు. వాడు అనలేకపోయాడు. రెండేళ్లలో ఆ ప్లటూన్‌లో ఇలాంటి గొడవ ఒక్కటి కూడా నాకు తెలిసి జరగలేదు. తెలియకుండా జరిగాయేమో, అది నేను చెప్పలేను.

రెండు యూనిట్లలోనూ అవే పోస్టర్లు, అవే స్లైడ్లు.

సుధ_ఆస్టిన్ · మంగళవారం ఉదయం 6:50

ఆ లేసు సంగతి చదివి నిద్ర పట్టలేదు. మరి మా పిల్లకి ఎలాంటి సార్జెంట్ దొరుకుతాడో ముందే ఎలా తెలుస్తుంది?

పాత_సార్జెంట్ · మంగళవారం ఉదయం 7:15

తెలియదండీ. లాటరీయే. అందుకే సార్జెంట్ మంచివాడు కాకపోయినా పనిచేసే ఏర్పాట్లు ఏమున్నాయో పాపకి ముందే తెలియాలి. ఆ చట్టం సంగతులు నాకంటే లా_పాయింట్ గారు బాగా చెప్తారు. మేడం, ఉన్నారా?

కిరణ్_ఫ్రిస్కో · మంగళవారం ఉదయం 9:02

నేను చిన్న రీసెర్చ్ చేశాను. 2023లో అమెరికన్ మిలటరీలో 29 వేల లైంగిక దాడి కేసులు రిజిస్టర్ అయ్యాయి. ఇన్ని కేసులున్న చోటికి పిల్లని పంపడమా? సారీ, కానీ డేటా డేటానే.

లా_పాయింట్ · మంగళవారం మధ్యాహ్నం 12:30

ఉన్నాను, లంచ్ బ్రేక్‌లో రాస్తున్నాను. వర్జీనియాలో లాయర్‌ని, సైనిక చట్టం నా ప్రాక్టీసు కాదు. అయితే మా ఆఫీసుకి వచ్చేవాళ్లలో సగం మంది సైనిక కుటుంబాలే, అలా పరిచయం.

ముందు కిరణ్ గారి లెక్క. 29 వేలు రిజిస్టర్ అయిన కేసులు కావు. రెండేళ్లకోసారి పేర్లు లేకుండా సర్వే చేసి, దాన్నుంచి వేసే అంచనా అది. 2021లో ఆ అంచనా 35,900 దగ్గర ఉంది, 2023లో 29 వేలకి తగ్గింది. ఆడవాళ్లలో చూస్తే 8.4 శాతం నుంచి 6.8 శాతానికి. ఫిర్యాదు దాకా వచ్చినవి 2023లో 8,515. అంటే జరిగినవాటిలో దాదాపు నాలుగోవంతే బయటికొస్తున్నాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఫిర్యాదులు పెరిగితే కంగారు పడతారు. సర్వే అంచనా తగ్గుతూ, ఫిర్యాదులు ఎక్కువ వస్తుంటే అది మంచికే. ఫిర్యాదులే లేని యూనిట్ అంటే నాకు భయం.

ఇక ఎవరికి చెప్పుకోవాలి అన్నది. 2005 నుంచి రెండు దార్లున్నాయి. ఒకటి రిస్ట్రిక్టెడ్ రిపోర్ట్. షార్ప్ కోఆర్డినేటర్‌కో, విక్టిమ్ అడ్వొకేట్‌కో (బాధితులకి తోడుండే మనిషి, లాయర్ కాదు), డాక్టర్‌కో చెప్తే వైద్యం, కౌన్సెలింగ్, లాయర్ అన్నీ దొరుకుతాయి. దర్యాప్తు మొదలవదు. కమాండర్‌కి ఏదో జరిగిందని తెలుస్తుంది, ఎవరికి జరిగిందో చెప్పరు. రెండోది అన్‌రిస్ట్రిక్టెడ్. అది పూర్తి ఫిర్యాదు, దర్యాప్తు జరుగుతుంది. మొదటిది ఎంచుకుని తర్వాత రెండోదానికి మారొచ్చు. రెండోది ఇచ్చాక మొదటిదానికి వెనక్కి రాలేరు. ఈ ఒక్క ముక్క పాప చేత బట్టీ పట్టించండి.

సుధ_ఆస్టిన్ · మంగళవారం మధ్యాహ్నం 1:05

నాకు ఫోన్ చేసి చెప్తే? అమ్మకి చెప్పినా ఆ మొదటి దారి మూసుకుపోతుందా?

లా_పాయింట్ · మంగళవారం సాయంత్రం 6:20

పోదు. అమ్మకి, స్నేహితురాలికి చెప్పుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది మీరు. మీరు కోపంలో బేస్ పోలీసులకో, కమాండర్‌కో ఫోన్ చేస్తే అమ్మాయి చేతిలోంచి విషయం జారిపోవచ్చు. కష్టమే, కానీ ఆ ఫోన్ ఎత్తే ముందు పాపని అడగండి.

ఇప్పుడు అసలు మార్పు. చాలాకాలం ఈ కేసుల్లో నిందితుడి మీద విచారణ జరపాలా వద్దా అన్నది కమాండరే తేల్చేవాడు. అంటే నిందితుడికీ బాధితురాలికీ ఇద్దరికీ బాసు. నిందితుడు మంచి పైలట్ అనో, పదిహేనేళ్లుగా తెలిసినవాడనో ఆయన మనసులో ఉండదా? అవియానో కేసు గుర్తుందా? ఇటలీలోని ఎయిర్‌ఫోర్స్ బేస్. కోర్ట్ మార్షల్ (సైనిక కోర్టు) జ్యూరీ దోషి అని తేల్చిన ఆఫీసర్‌ని 2013లో ఒక జనరల్ సంతకంతో వదిలేశాడు. చట్టం ప్రకారం అది ఆయన అధికారమే. ఆ గొడవ తర్వాత తీర్పు కొట్టేసే అధికారం తీసేశారు. కేసు పెట్టే అధికారం మాత్రం ఉంచారు. సెనెటర్ కిర్‌స్టన్ జిల్లిబ్రాండ్ దాన్ని కూడా తీసేయాలని బిల్లు పెడితే 2014 మార్చిలో 55 ఓట్లు వచ్చాయి. కావాల్సింది 60. మెజారిటీ ఉండి కూడా ఓడిపోయింది, సెనేట్ లెక్కలు అలాంటివి.

వెనెస్సా హత్య తర్వాత కదిలింది. 2021 డిసెంబర్‌లో చట్టం వచ్చింది. 2023 డిసెంబర్ 28 నుంచి అత్యాచారం, హత్య, గృహహింస లాంటి పెద్ద నేరాల్లో కేసు పెట్టాలా లేదా అన్నది స్పెషల్ ట్రయల్ కౌన్సెల్ అనే విడి ప్రాసిక్యూటర్లు తేలుస్తారు. కమాండర్ మాట చెల్లదు. వేధింపుల కేసులు కూడా 2025 నుంచి వాళ్ల పరిధిలోకి వచ్చాయి. పేపర్ మీద ఇది పెద్ద మార్పే. అయితే ఒకటి: ఆ ఆఫీసు రంగంలోకి దిగేది అంతా జరిగాక. జరగకముందు మోటార్ పూల్లో జోకుల్ని ఆపడానికి ఏ ప్రాసిక్యూటరూ రాడు. అక్కడ సార్జెంట్ గారు చెప్పిందే.

కిరణ్_ఫ్రిస్కో · మంగళవారం రాత్రి 8:44

సరే, లెక్క తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నా. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. జరగకముందు ఆపేది ఏంటి?

ఇద్దరబ్బాయిల_నాన్న · మంగళవారం రాత్రి 9:30

నేను చాలా రోజుల నుంచి ఈ గ్రూపులో చదవడమే కానీ రాయలేదు. మా పెద్దోడు మెరీన్స్‌లో ఉన్నాడు. ఈ థ్రెడ్ చూసి మొదట "నాకు అమ్మాయిలు లేరు కదా" అని దాటెయ్యబోయాను. తర్వాత ఆ 2023 రిపోర్ట్ గురించి చదివితే, ఆ 29 వేలలో దాదాపు సగం మంది మగవాళ్లేనట. శాతంలో ఆడవాళ్లకే ఎక్కువ, కానీ మగవాళ్లు సంఖ్యలో చాలామంది ఉంటారు కాబట్టి. ఇది నిజమేనా? ఎవరూ ఎప్పుడూ చెప్పలేదే.

పాత_సార్జెంట్ · మంగళవారం రాత్రి 10:10

నిజం అన్నా. మగపిల్లల విషయంలో అది చాలాసార్లు "ర్యాగింగ్" పేరుతో జరుగుతుంది. కొత్తగా వచ్చినవాడిని ఏడిపించడం, బట్టలు లాగడం, అక్కడి నుంచి ఇంకా ముందుకి. చేసినవాళ్లు "సరదా" అంటారు. జరిగినవాడు కూడా అదే మాట అంటాడు, ఎందుకంటే వేరే పేరు పెడితే తను మగాడు కాకుండా పోతాడని భయం. వాళ్లలో ఫిర్యాదు చేసేవాళ్లు ఇంకా తక్కువ.

మీవాడిని సూటిగా అడగకండి. "మీ దగ్గర కొత్తవాళ్లని ఎలా చూస్తార్రా?" అని అడగండి. వేరేవాళ్ల గురించి చెప్తున్నట్టు చెప్తాడు. వినండి.

గోదావరి_గట్టు · మంగళవారం రాత్రి 10:25

మగపిల్లలకి కూడానా? ఏం ఆర్మీ అయ్యా అది. మన దేశంలో ఇవన్నీ ఉండవు. మన జవాన్లు ఆడవాళ్లని అమ్మా అంటారు.

మాధవరం_మాజీ · బుధవారం ఉదయం 8:00

గట్టు గారికి నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. ప్రపంచ యుద్ధాల నాటి నుంచి ఇంటికొకడు సైన్యంలో ఉండే ఊరు. నేను 26 ఏళ్లు చేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. ప్రస్తుతం మా అబ్బాయి దగ్గర ఉన్నాను. నా సైన్యం అంటే నాకు ప్రాణం. అందుకే చెప్తున్నాను, "మన దగ్గర ఉండవు" అన్న మాట వల్లే ఇవి దాగుతాయి.

2021లో కోయంబత్తూరు ఎయిర్‌ఫోర్స్ అడ్మినిస్ట్రేటివ్ కాలేజీలో ఒక లేడీ ఆఫీసర్ తోటి ఆఫీసర్ మీద ఫిర్యాదు చేసింది. ముందు పోలీసులు అరెస్టు చేశారు. తర్వాత కోర్టు అతన్ని ఎయిర్‌ఫోర్స్‌కి అప్పగించింది, కోర్ట్ మార్షల్ కోసం. తనకి టూ ఫింగర్ టెస్ట్ (బాధితురాలి ఒంటిని వేళ్లతో చూసే పాత పరీక్ష) చేశారని ఆవిడ ఆరోపించింది. ఎయిర్‌ఫోర్స్ చీఫ్ కాదన్నారు. ఆ టెస్ట్ చేసినవాళ్లది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని సుప్రీం కోర్టు 2022లో, మరో కేసులో, గట్టిగా చెప్పింది.

చట్టంలో మెలిక ఏంటంటే, ఆర్మీ యాక్ట్ 1950లో 70వ సెక్షన్ ప్రకారం బయటి మహిళ మీద అత్యాచారం చేస్తే మామూలుగా సివిల్ కోర్టే చూస్తుంది. యాక్టివ్ సర్వీస్‌లోనో, సరిహద్దు పోస్టులోనో ఉంటే వేరు. అదే బాధితురాలు కూడా యూనిఫాంలోనే ఉంటే కోర్ట్ మార్షల్‌కి వెళ్లొచ్చు. అంటే లా మేడం చెప్పిన "ఇద్దరికీ ఒకే బాసు" సమస్య మన దగ్గరా ఉంది. విడి ప్రాసిక్యూటర్లు మనకి ఇంకా రాలేదు.

2025 మేలో ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) నుంచి మొదటిసారి 17 మంది అమ్మాయిలు పాసై బయటికొచ్చారు. టీవీలో చూసి నా కళ్లు చెమర్చాయి. ఆ పిల్లలు రేపు పోస్టింగ్‌లకి వెళ్తారు. వాళ్లకి నా లాంటి సుబేదార్లే ఎదురవుతారు. మా తరంలో మాకెవరూ ఏం నేర్పలేదు. లంగర్‌లో (మెస్‌లో) కూర్చుని మేం మాట్లాడుకున్న మాటలు ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

గోదావరి_గట్టు · బుధవారం ఉదయం 8:31

సుబేదార్ గారూ, మీరు చెప్తే కాదనను.

నర్స్_పద్మ · బుధవారం సాయంత్రం 5:15

సుధక్కా, మెడిక్ ట్రైనింగ్ అంటే పాప బేసిక్ ట్రైనింగ్ అయ్యాక మా ఊరు శాన్ ఆంటోనియోకే వస్తుంది, ఫోర్ట్ సామ్ హ్యూస్టన్‌కి. ఆదివారాలు మా ఇంటికి పంపు, పప్పన్నం నాది.

నేను ఇలాంటి కేసుల్లో పరీక్ష చేసే ఫోరెన్సిక్ నర్సుని. మా ఊళ్లోనే లాక్‌లాండ్ ఎయిర్‌ఫోర్స్ బేస్. 2012లో అక్కడ బేసిక్ ట్రైనింగ్ ఇన్‌స్ట్రక్టర్ల అఘాయిత్యాలు బయటపడితే దేశమంతా నోరెళ్లబెట్టింది. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి 20 ఏళ్ల జైలు పడింది. అక్కడ అర్థమైంది ఏంటంటే, ట్రైనింగ్‌లో ఉన్న పిల్లకి ఇన్‌స్ట్రక్టర్ దేవుడు. తినమంటే తినాలి, పడుకోమంటే పడుకోవాలి. "స్టోర్ రూంకి రా" అంటే ఎందుకు అని అడిగే అలవాటే ఉండదు. కాబట్టి అక్కడ "నో చెప్పు" అని పిల్లకి నేర్పితే సరిపోదు, ఒంటరిగా పిలిచే వీలే లేకుండా చేయాలి. ఆర్మీ ట్రైనింగ్‌లో ఇప్పుడు బ్యాటిల్ బడ్డీ పద్ధతి ఉంది. డ్రిల్ సార్జెంట్ దగ్గరికి ఒక్కతే వెళ్లకూడదు, తోడు ఉండాలి. ఎవరైనా "బడ్డీ అక్కర్లేదు, నువ్వొక్కదానివే రా" అన్నారంటే అదే గంట మోగినట్టు. తప్పు ఇంకా జరగకపోయినా సరే, అప్పుడే చెప్పాలి.

ఇక నా పని సంగతి. ఒకవేళ జరిగితే స్నానం చేయాలనిపిస్తుంది, అందరికీ అదే అనిపిస్తుంది. చేయకుండా రావాలి. బట్టలు మార్చుకుంటే విప్పినవి పేపర్ కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మ పట్టి సాక్ష్యం పాడవుతుంది. కిరాణా షాపు పేపర్ బ్యాగ్ చాలు. చేసేసినా, స్నానం అయిపోయినా, పర్వాలేదు రండి, ఆలస్యమైనా ఏదో ఒకటి దొరుకుతుంది. రిస్ట్రిక్టెడ్ రిపోర్ట్‌లో కూడా ఈ పరీక్ష చేయించుకోవచ్చు, కిట్ దాచి ఉంచుతారు. బయటి హాస్పిటల్ అయితే ఆ రాష్ట్రం చట్టాన్ని బట్టి పోలీసులకి చెప్పాల్సి రావచ్చు, అది ముందే అడిగితే మేం చెప్తాం.

పేరు_వద్దు · గురువారం తెల్లవారుజాము 2:47

ఇది రాయాలా వద్దా అని మూడు రోజులుగా అనుకుంటున్నాను. మా చెల్లెలు చేసింది, నాలుగేళ్లు. ఏ బేస్ అన్నది వద్దు.

దాని బ్యారక్స్ గది తలుపుకి రాత్రి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకునేది. మాకు తెలియదు. ఒకసారి వీడియో కాల్‌లో వెనక కుర్చీ కనపడితే అడిగాను. "తలుపు సరిగ్గా పడట్లేదు" అంది. తలుపు బాగానే ఉంది. కింద డ్యూటీ డెస్క్‌లో అన్ని గదుల మాస్టర్ కీ ఉంటుంది. రాత్రి డ్యూటీలో ఎవరు కూర్చుంటే వాళ్ల చేతికి వస్తుంది. తీసుకున్నవాళ్లు రిజిస్టర్లో రాయాలి. కానీ ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. పై ర్యాంకులో ఉన్న ఒకతను రెండుసార్లు "గది తనిఖీ" అని అర్ధరాత్రి వచ్చాడు. తాకలేదు. గుమ్మంలో నిలబడి మాట్లాడి వెళ్లాడు.

చెల్లెలు విక్టిమ్ అడ్వొకేట్ దగ్గరికి వెళ్లలేదు. "ఏం జరిగిందని చెప్పను? ఏం జరగలేదు కదా" అంది. వయసు రాకుండా బ్యారక్స్‌లో బీరు తాగిన సంగతి బయటపడుతుందని ఇంకో భయం. మూడోసారి వచ్చినప్పుడు ఎదురుగది అమ్మాయి తలుపు తీసి, "సార్జెంట్, నేను కూడా తనిఖీకి రెడీ" అని కారిడార్లో నిలబడింది. ఇంకెప్పుడూ రాలేదు.

ఇప్పుడు బాగానే ఉంది. సియాటిల్‌లో ఉద్యోగం. కుర్చీ మాత్రం ఇప్పటికీ పెడుతుంది.

లా_పాయింట్ · గురువారం ఉదయం 7:40

రాసినందుకు థాంక్స్ అండీ. చదివే పిల్లలెవరైనా ఉంటే రెండు మాటలు. ఒకటి, "ఏం జరగలేదు కదా" అన్నది కూడా ఫిర్యాదు చేయదగ్గదే. వేధింపు 2022 నుంచి సైనిక చట్టంలో విడిగా నేరం. రెండు, ఆ బీరు భయానికి ఇప్పుడు చట్టంలో విరుగుడు ఉంది. సేఫ్ టు రిపోర్ట్ అని, దాడి గురించి ఫిర్యాదు చేసినవాళ్లని చిన్నచిన్న తప్పులకి, వయసు రాకుండా తాగడం లాంటివాటికి, శిక్షించకూడదు. ఇది చాలామంది పిల్లలకి తెలియదు.

కిరణ్_ఫ్రిస్కో · గురువారం ఉదయం 9:10

మరి ఆ రిజిస్టర్ ఎవరూ చూడకపోవడం ఏంటండీ. మా ఆఫీసులో సర్వర్ రూం తాళానికి ఇంతకన్నా ఆడిట్ ఉంటుంది.

పాత_సార్జెంట్ · గురువారం మధ్యాహ్నం 12:15

కిరణ్, నువ్వడిగిన "జరగకముందు ఆపేది ఏంటి"కి జవాబు ఆ రిజిస్టరే.

వెనెస్సా కేసులో కూడా చూడు. అందరూ హత్య గురించే మాట్లాడతారు. ఆ అమ్మాయి అంతకుముందే తన పై ర్యాంకువాడు ఒకడు అసభ్యంగా ప్రవర్తించాడని యూనిట్‌లో చెప్పింది. చంపినవాడు వేరు, వేధించినవాడు వేరు. ఆమె చెప్పిన మాట యూనిట్ నాయకుల దాకా వెళ్లిందనీ, వాళ్లు ఏమీ చేయలేదనీ 2021లో ఆర్మీయే ఒప్పుకుంది. అంతకుముందు, 2020 చివర్లో, బయటి కమిటీ ఫోర్ట్ హుడ్‌లో 503 మంది మహిళా సైనికులతో మాట్లాడితే నమ్మదగ్గ దాడి ఘటనలు 93 తేలాయి. ఫిర్యాదు అయినవి 59. ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు, అందుకే మిగతావాళ్లు చేయలేదు. 14 మంది అధికారుల్ని తీసేశారు లేదా సస్పెండ్ చేశారు. కమిటీ 70 సిఫార్సులు ఇచ్చింది.

70 సిఫార్సులు చదవాలంటే ఒక రోజు పడుతుంది. నేను చదివాను, ఉద్యోగం మానేశాక, పనేం లేక. అవన్నీ చదివాక నాకు అనిపించింది ఒకటే. బ్యారక్స్‌లో రాత్రి పూట సీనియర్ సార్జెంట్లు తిరగాలి, కొత్త సైనికుడి పేరు స్క్వాడ్ లీడర్‌కి తెలియాలి, ఉదయం హాజరుకి రానివాడిని ఎవరైనా వెతకాలి. ముఖ్యమైనవి ఇలాంటివే. వీటికి కొత్త చట్టం ఎందుకు? మా ప్లటూన్ సార్జెంట్ శుక్రవారం రాత్రి పదకొండింటికి పైజామాలో బ్యారక్స్ చుట్టూ ఒక రౌండ్ కొట్టేవాడు. చేతిలో కాఫీ కప్పు. ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. "బాగున్నారా" అని వెళ్లిపోయేవాడు. మేం ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్లం, ఇంటికి పొమ్మని పెళ్లాం తరిమేసిందేమో అని.

గ్రూపు_అడ్మిన్ · గురువారం సాయంత్రం 4:00

ఒక కొత్త సభ్యుడు "అమ్మాయిలు బట్టలు సరిగ్గా" అంటూ పెట్టిన పోస్టు తీసేశాను. అందరూ ఒకే యూనిఫాం వేసుకునే చోటి గురించి మాట్లాడుతున్నాం బాబూ. థ్రెడ్ తెరిచే ఉంటుంది.

పేరు_వద్దు · గురువారం రాత్రి 11:20

సుధక్కా, చెల్లెలితో మాట్లాడాను. నీకు ఒకటి చెప్పమంది. బేసిక్‌లో ఫోన్ తీసేసుకుంటారు. అప్పుడప్పుడు కొన్ని నిమిషాలు ఇస్తారు, పక్కనే జనం ఉంటారు. కాబట్టి వెళ్లే ముందే మీ ఇద్దరి మధ్య ఒక తెలుగు మాట అనుకోండి. మామూలుగా వినపడే మాట, కానీ మీరు మామూలుగా అనుకోని మాట. అది వినగానే నువ్వు ప్రశ్నలు వేయకూడదు, "సరే, నేను చూసుకుంటా" అనాలి. అలాంటి మాట మా ఇద్దరికీ ఉండి ఉంటే కుర్చీ సంగతి ముందే తెలిసేది అంది.

సుధ_ఆస్టిన్ · ఆదివారం రాత్రి 9:05

అప్‌డేట్ ఇస్తున్నాను. శనివారం ముగ్గురం రిక్రూటింగ్ ఆఫీసుకి వెళ్లాం. అవును, ఆయన కూడా వచ్చారు. గ్యారేజీలో సర్దడానికి ఇంకేం మిగల్లేదు.

సార్జెంట్ గారు నాకు ప్రైవేట్ మెసేజ్‌లో చెప్పిన ఫారం గురించి అడిగాను, డీడీ 2983. రిక్రూటర్ ముప్ఫై ఏళ్ల అబ్బాయి, ఒక్క క్షణం నా వైపు చూసి, "మీకెలా తెలుసు మేడం?" అన్నాడు. డ్రాయర్లోంచి తీసిచ్చాడు. పాప దాన్ని చదివి సంతకం చేయాలట. రిక్రూటర్‌కీ చేరబోయే పిల్లకీ మధ్య వ్యక్తిగత సంబంధం ఉండకూడదు, మందు పార్టీలు కూడదు, అప్పులు కానుకలు కూడదు. ట్రైనింగ్‌కి వెళ్లాక ఇన్‌స్ట్రక్టర్ల విషయంలో కూడా ఇలాంటి కాగితమే మళ్లీ ఉంటుందట. పాప "ఓకే ఓకే" అని గబగబా సంతకం పెట్టబోయింది. వాళ్ల నాన్న పెన్ను మీద చెయ్యి పెట్టారు. "పైకి చదువు" అన్నారు. మొత్తం పైకి చదివించారు, ఆ ఆఫీసులో, అందరూ వింటుండగా. ఇన్ని రోజుల్లో ఆయన దాంతో మాట్లాడిన మొదటి మాట అది.

తర్వాత ఆయన రిక్రూటర్‌ని అడిగారు: "ఈ కాగితంలో ఉన్నది నువ్వే తప్పితే మా అమ్మాయి ఎవరికి చెప్పాలి?" ఆ అబ్బాయి నొచ్చుకోలేదు. స్టేషన్ కమాండర్ పేరు, పైన కంపెనీ ఆఫీసు వివరాలు కార్డు వెనక రాసిచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు. ఉన్నాడనే అనుకుంటాను.

ఆర్మీలో చేరే కాంట్రాక్టు మీద ఇంకా సంతకం పెట్టలేదు. జూన్ దాకా టైముంది. కారులో వస్తూ మాట గురించి చెప్పాను. అది నవ్వి, "అమ్మా, స్పై సినిమాలా ఉంది" అంది. ఇంటికొచ్చాక రాత్రి నా గదిలోకి వచ్చి తనే ఒక మాట చెప్పింది. వాళ్ల అమ్మమ్మ తిట్టే తిట్టు. ఏంటన్నది ఇక్కడ రాయను.

గోదావరి_గట్టు · ఆదివారం రాత్రి 9:40

ఆ నాన్నగారికి నా నమస్కారం చెప్పు తల్లీ. వెళ్తే గనక ట్రైనింగ్‌కి ఆవకాయ పంపనిస్తారా? మా ఇంట్లో కొత్తది పెట్టాక పార్సిల్ చేస్తాను.

పాత_సార్జెంట్ · ఆదివారం రాత్రి 9:52

బేసిక్‌లో తినేవేవీ రానివ్వరు బాబాయ్. పంపితే డ్రిల్ సార్జెంట్ అందరి ముందూ చెత్తబుట్టలో వేయిస్తాడు, పైగా పిల్లతో పుషప్స్ తీయిస్తాడు. ఉత్తరాలు రాయండి. ఆవకాయ శాన్ ఆంటోనియోకి, పద్మ గారింటికి పంపండి.